ముందరి అర్ర

ఈ కొండాపూర్ మొత్తంలో నా అంత చవకగా ఇంటికి రంగులు వేయించుకున్న మనిషి ఇంకొకరుంటే చూపించండి, వాళ్ళకు దండం పెడతాను. మేస్త్రీ చెప్పిన ధర విని, బజార్లో చేసే అలవాటుకొద్దీ, చెప్పులేసుకుని గిర్రున తిరిగి వెళ్ళిపోయాను. వెళ్ళిపోతున్నది నా ఇంట్లోంచేనని లిఫ్టు దగ్గరికి పోయాక గాని తట్టలేదు. అయినా అతను "అమ్మా, రాండ్రి, మాట్లాడుకుందాం" అని వెనక్కి పిలవనే పిలిచాడు. గోడ నునుపుకు పట్టించే లప్పం రెండు చేతులన్నది ఒక చేతికి దింపాను, కింది పూత అక్కర్లేదన్నాను, నిచ్చెన కిరాయి అతని మీదికే తోశాను, మధ్యాహ్నం ఇవ్వాల్సిన చాయ్‌ని కూడా బేరంలోంచి ఎగరగొట్టాను. అపార్టుమెంటులో ఆడవాళ్ళందరూ వచ్చి నా దగ్గర నేర్చుకోవాలని కనపడిన ప్రతి మనిషికీ చెప్పుకు తిరిగాను. ఒక్క వానాకాలం, అంతే. హాలు గోడకు అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచాయి, వేలు తగిలితే అప్పడంలా విరిగి రాలుతున్నాయి.

మొన్న ఆదివారం ఆ పెచ్చుల్ని అట్లకాడతో గీకుతుంటే లోపలి తడిగోడ వాసన గుప్పుమంది. సున్నం, మన్ను, కొంచెం బూజు. అట్లకాడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా అమ్మ చీరకొంగు కొన్ని నెలలపాటు అదే వాసన వేసింది, నా చిన్నప్పుడు.

ఇప్పుడు నేనున్న ఫ్లాటుకు కేకవేస్తే వినపడేంత దూరంలో, అరవైల చివర, డెబ్బైల మొదట, మా ఇల్లుండేది. అప్పుడు ఇక్కడంతా జొన్నచేలు, ఏనుగులు కూర్చున్నట్టు బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు. ఎండాకాలం తాటిముంజలు, వానాకాలం పిక్కలదాకా ఎర్రబురద. ఖాజాగూడ బండల మీద మబ్బు కమ్మిందంటే మేం వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళం, అది ఎన్నడూ మాట తప్పిన మబ్బు కాదు. బస్సెక్కాలంటే మియాపూర్ పెద్ద రోడ్డుదాకా ఎడ్లబండి కట్టాలి. ఊరికి దుకాణం ఒక్కటే, అది మాది, మా నాయినను అందరూ సావుకారి అనేవాళ్ళు. ఇల్లు దుకాణం వెనకాల ఉండేదని చెప్పుకునేవాళ్ళం గాని, నిజానికి మేం సరుకుల మధ్య ఖాళీ దొరికిన చోట బతికేవాళ్ళం. మంచం కింద బర్రెల దాణాకు అమ్మే పల్లిచెక్క, దేవుని గూటి కింద చింతపండు, పడుకునే చోట తౌడు బస్తాలు. వానలు మొదలైతే ఉప్పు బస్తాలు చెమటపట్టి నేల మీద మడుగు కట్టేవి. చలికాలం కొత్త బెల్లం దిగితే కందిరీగలు మాకంటే ముందు లేచేవి. ఎండాకాలం మిరపకాయల లోడు వచ్చిన రోజు నాయిన, అమ్మ, నేను, తమ్ముడు, పాలిచ్చే బర్రె, అందరం ఒకే తాళంలో తుమ్మేవాళ్ళం. మజ్జిగలో కూడా దీపాల గ్యాసునూనె వాసన వచ్చేది, అది మజ్జిగ వాసనే అనుకుని పెరిగాను నేను.

మా నాయినకు ఒక పట్టింపు ఉండేది, దుకాణందారులందరికీ ఉన్నదే, ఈయనకు కాస్త ముదిరింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి నోట 'లేదు' అన్న మాట రాకూడదు. లక్ష్మి ఆ మాట వింటే గుమ్మం దిగి పోతుందట. సరుకు అయిపోతే 'నిండుకున్నది' అనాలి, లేకపోతే 'రేపొస్తది' అనాలి. మిగిలిన దుకాణందారులు అంతటితో ఆగుతారు. మా నాయిన మాత్రం గిరాకి అడిగిన వస్తువు దుకాణంలో కనపడకపోతే, మెడ వెనక్కి తిప్పి ఇంట్లోకి చూసేవాడు. ఎవరికో పెండ్లికి చాప కావాలంటే మేం పడుకునే చాప పోయింది. ఎవరింటికో చుట్టాలొచ్చారంటే మా మామిడి తొక్కు జాడీతో సహా వెళ్ళిపోయింది. నా పలకని, నేను రాసుకున్న ఒత్తులన్నీ ధోవతి అంచుతో శుభ్రంగా తుడిచి, నా కళ్ళముందే ఇంకో పిల్ల తండ్రికి అమ్మేశాడు. అమ్మ చారు పోపు పెడదామని చెయ్యి చాస్తే గంటె ఉండేది కాదు. ఆమె ఏమీ అరిచేది కాదు, దుకాణంలో గిరాకి ఉండగా ఆడమనిషి గొంతు బయటికి రాకూడదు కాబట్టి ఏదున్నా నా ద్వారానే నడిచేది.

"పద్దీ, మీ నాయినకు చెప్పు, గంటె ఏ ఊరికి పోయిందో."

నేను పోయి చెప్పేదాన్ని. నాయిన తరాజు మీంచి కన్ను తియ్యకుండా, "రేపొస్తదని చెప్పు" అనేవాడు.

నాకది బాధగా ఉండేదనుకునేరు. గర్వంగా ఉండేది. మా ఇంట్లో దొరకనిది లోకంలో లేదనుకునేదాన్ని. సీతాఫలాల కాలంలో పచ్చికాయలు తెచ్చి జొన్నల గుమ్మిలో పూడ్చి, మాగిన వాసన ఏ మూలనుంచి వస్తుందో ముక్కుతో వెతికి తీసి, వాటిని మళ్ళీ నా ఈడు పిల్లలకే గచ్చకాయలకు మారుబేరం వేసేదాన్ని. వాళ్ళూ నాతోపాటు అదే చెట్టు కింద కోసినవాళ్ళే. అయినా కొనేవాళ్ళు. నా నోరు అట్లాంటిది.

అమ్మది పట్నం. పాతబస్తీలో వాళ్ళకు బట్టల దుకాణం ఉండేది, కానీ దుకాణం కింద, ఇల్లు మీద, మధ్యలో మెట్లు. ఆ మెట్లెక్కి ఒక్క తాను గుడ్డ కూడా పైకి వచ్చేది కాదట. అమ్మమ్మ అట్లా పెట్టింది కట్టుబాటు. అమ్మ పెళ్ళైన కొత్తలో ఆమె ఒక్కసారి మా ఇంటికి వచ్చింది. కూర్చోవడానికి ఇంకే చోటూ కనపడక, ఆదరాబాదరాగా నాయిన దులిపి చూపించిన బస్తా మీద కూర్చుంది. అది ఉప్పు బస్తా. లేచేసరికి పట్టుచీర వెనకంతా తడి, ఆరాక తెల్లటి చార. ఆ చార మళ్ళీ పోలేదట. "గోదాముకు బిడ్డనిచ్చినం" అని దారిపొడుగునా అనుకుంటూ పోయింది, పోతూ అమ్మతో ఒక్కటే చెప్పింది: "కూసునే జాగ అయినంక చెప్పు బిడ్డా, వస్త." అమ్మ పుట్టింటికి పోయేది, పురుళ్ళు అక్కడే పోసుకుంది, అక్కడ అన్నీ ఉన్నాయి. కానీ తన ఇంటికి, తన చేత్తో అలికిన గడప దాటి, వాళ్ళమ్మ వచ్చి కూర్చోవాలని ఆమెకు ఉండేది. నగలడగలేదు, చీరలడగలేదు, ఆ ఒక్క ముచ్చట కడుపులో పెట్టుకుని తిరిగింది.

దుకాణానికి ఆనుకుని వాకిలి వైపు కిటికీ ఉన్న గది ఒకటుండేది, మేం ముందరి అర్ర అనేవాళ్ళం. పల్లిచెక్క బస్తాలు పైకప్పుదాకా ఉండేవి, వాటి వెనక ఎలుకలు మాకంటే పెద్ద సంసారాలు చేసేవి. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది అమ్మ ఆ అర్ర అడిగింది. నాయిన ఇచ్చాడు, ఆ మాట కూడా చెప్పాలి. బస్తాలన్నీ తనే మోసి బర్రెల కొట్టంలోకి చేర్చాడు, నడుం పట్టేస్తే రెండు రోజులు కట్టె పట్టుకుని నడిచాడు.

ఇక అమ్మ మొదలుపెట్టింది. ఎలుక బొక్కల్లో గాజు పెంకులు కూరి మన్నుతో మెత్తింది. సున్నం నానబెట్టి, కొంచెం నీలిమందు కలిపి, కొబ్బరి పీచు కుంచెతో గోడలు తెల్లగా చేసింది; నడుమెత్తు కింద జాజు పూసింది, ఆ ఎరుపుకు పైన సున్నంతో చుక్కల బారు, బారు మీద తీగ, తీగ మీద చిలకలు. చిలకల కళ్ళకు కాటుక వాడింది, ముక్కులకు కుంకుమ తడిపింది. మిట్ట మధ్యాహ్నం దుకాణం నిద్రపోయే వేళ, నేను గిన్నె పట్టుకుని నిలబడితే, ఆమె కాళ్ళు ముడుచుకుని గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని తోకలోని ఒక్కొక్క ఈకా గీసేది, ఊపిరి బిగపట్టి, నాలుక కొసను పంటి కింద పెట్టి. తడి గోడ ఆరుతున్నప్పుడు వచ్చే ఆ చల్లటి వాసన ఇల్లంతా పాకేది, మొదటిసారిగా మా ఇంట్లో గ్యాసునూనె వాసన ఓడిపోయింది. గుమ్మానికి గాజుగొట్టాల తోరణం కట్టింది, గాలి వస్తే గలగలమనేది. రెండు పాత చీరలు కలిపి పరదా కుట్టింది. మంచానికి కొత్త నవారు అల్లించింది, దాని మీద పరిచే దుప్పటి మీద నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు కుట్టింది. పూసలతో చేసిన జింకబొమ్మకు అద్దం కట్టించి గోడకు తగిలించింది. గూట్లో పూల గాజుకప్పులు, సాసర్లు. ఆ కప్పులు నాయిన కంట పడకుండా చాలాకాలం పాతబట్టల మూటలో దాక్కున్నాయి. అర్ర తయారయ్యాకే బయటికొచ్చాయి.

అన్నీ అమిరాక చుట్టాన్ని కూర్చోబెట్టడం అలవాటు కావాలని అమ్మ నన్ను అమ్మమ్మను చేసింది. నేను వాకిలి చివరిదాకా పోయి, చీరలాగా తువ్వాలు చుట్టుకుని, ఆయాసపడుతూ నడిచి రావాలి. ఆమె ఇత్తడి చెంబుతో ఎదురొచ్చేది.

"రాండ్రి, రాండ్రి. ఎండల వడి వచ్చిండ్రు. కాళ్ళు కడుక్కోండ్రి."

నేను కాళ్ళు కడుక్కుని, నెమళ్ళ దుప్పటి మీద కూర్చుని, అమ్మమ్మ గొంతు పెట్టి, "ఎవలేసిండ్రమ్మా ఈ చిలుకలు?" అనేదాన్ని.

"నేనే ఏసిన."

"అబ్బో! జాజు ఏ ధరకు కొన్నవు?"

"అమ్మమ్మ ధరలడుగదే, దుకాణపుదానా!" అని నా నెత్తి మీద మొట్టేది, మొట్టి పకపకా నవ్వేది. అమ్మ అట్లా నవ్వడం నాకు ఆ అర్రలోనే తెలుసు. ఉత్త నీళ్ళు కప్పులో పోసి సాసరు పట్టుకుని ఇచ్చేది, నేను చాయ్ తాగినట్టు ఊదుకుంటూ తాగేదాన్ని. ఎండాకాలమంతా ఇదే మా ఆట. ఓనగుంటలు, అష్టచెమ్మ, ఏవీ దానికి సరిరాలేదు.

దసరా వెళ్ళిన వారానికి అమ్మమ్మ వస్తానని కబురు పెట్టింది, మా మామ తోడుగా వస్తాడని. అమ్మ ముందురోజే గారెలకు మినప్పప్పు నానబోసింది, బూరెలకు పూర్ణం కట్టింది, మురుకులు చుట్టింది. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ళ సాన్పు చల్లి, ముగ్గేసి, గడపకు పసుపు రాసి, కొత్త చీర కట్టుకుంది. నాయిన ఎడ్లను కడిగించి, గూడుబండి కట్టించి, దాంట్లో మెత్తగా గడ్డి, గడ్డి మీద జంపఖానా పరిపించి మియాపూర్ రోడ్డుకు పంపాడు. ఉప్పు చార సంగతి ఆయనకూ లోపల ఉండే ఉంటుంది.

బండి పోయిన కాసేపటికి దుకాణం ముందు జీపు ఆగింది. బండల వెంట భూములు కొలిచే సర్కారు మనుషులు, ఖాకీ ప్యాంట్లు, మూడుకాళ్ళ యంత్రం, గొలుసులు. ఎండకు ముఖాలు కమిలిపోయి ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

"సేట్, జర నీడకు కూసునే జాగ దొరుకుతదా? చాయ్ గిట్ల?"

మా నాయిన నోట 'లేదు' రాదు గదా. మెడ వెనక్కి తిప్పి ఇంట్లోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చాప పోయినప్పుడు, పలక పోయినప్పుడు చూసిన చూపే.

"దొరుకుతది సార్. రాండ్రి."

గాజుగొట్టాలు గలగలమన్నాయి. బూట్లు గుమ్మం ముందు విప్పినవాళ్ళు విప్పారు, విప్పనివాళ్ళు అట్లాగే పోయి నవారు మంచం మీద కూర్చున్నారు. వంటింట్లో గారెలు వేస్తున్న అమ్మ చెయ్యి మూకుడు మీద ఆగిపోయింది.

"పద్దీ, మీ నాయినకు చెప్పు. అమ్మమ్మ బండి వచ్చే యాళ్ళయింది, అర్ర ఖాళీ చేపియ్యమను."

పోయి చెప్పాను. నాయిన గొంతు తగ్గించి, "సుట్టాలు మనోళ్ళు, జరసేపు ఆగుతరు. గిరాకి ఆగదు" అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. అదే అమ్మకు తెచ్చి చెప్పాను. ఆమె చాయ్ పెట్టి, మామూలు గ్లాసుల్లో పోయబోయింది. అప్పటికే నాయిన గూట్లోంచి పూల కప్పులు దించేసుకున్నాడు.

అమ్మమ్మ బండి దిగేసరికి అర్ర కిటికీలోంచి సిగరెట్ల పొగ వస్తోంది. అమ్మ చెంబుతో ఎదురుపోయింది గాని, నేర్చుకున్న మాటలేవీ బయటికి రాలేదు.

"వంటింట్ల కూసుందాం రా అమ్మా. జరసేపట్ల లేస్తరు వాళ్ళు."

అమ్మమ్మ గుమ్మం ముందు బూట్ల వైపు చూసింది. "ఆ దినం ఉప్పు బస్తా మీద కూసున్న. ఇయ్యాల కట్టెలపొయ్యి కాడ కూసోవాల్నా బిడ్డా?"

"అక్కా, వాళ్ళను లెవ్వమనరాదూ," అన్నాడు మామ.

నాయిన గల్లా వదిలి పరుగెత్తుకొచ్చాడు, చేతులు జోడించాడు. "అత్తమ్మా, రాండ్రి రాండ్రి. ఐదే నిమిషాలు. సర్కారోళ్ళు, పెద్ద సార్లు, నేను లెవ్వమంటే బాగుండది."

"లెవ్వమనకు నాయినా," అంది అమ్మమ్మ, చాలా నిదానంగా. "గిరాకి గిరాకే. నేనూ దుకాణం ఇంటిదాన్నే, నాకు తెల్వదా? మా ఇంట్ల మెట్లున్నయి, గంతే."

ఐదు నిమిషాలు కాస్తా పొద్దు వంగేదాకా సాగాయి. సార్లకు గారెల వాసన తగిలింది, అవీ పోయాయి. అమ్మమ్మ వాకిట్లో సీతాఫలం చెట్టు నీడకు నిలబడే ఉంది, మంచం తెచ్చి వేస్తామంటే వద్దంది, మంచినీళ్ళు నిలబడే తాగింది. తెచ్చిన రవిక గుడ్డ, పండ్లు అమ్మ ఒళ్ళో పెట్టింది. మళ్ళీ బండెక్కబోతూ కిటికీ దగ్గర ఆగింది. లోపల ఒకాయన పూల సాసరులో బూడిద రాలుస్తున్నాడు. అతని తల మీదుగా గోడ కనపడుతోంది.

"చిలుకలు నువ్వేసినవా?"

"ఆఁ."

"మంచిగున్నయి బిడ్డా."

చీకటి పడకముందే బస్సు అందుకోవాలని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, తరువాతి ఎండాకాలం దాటకుండానే పోయింది.

సార్లు ఆ రోజుతో ఆగలేదు. అర్ర చల్లగా ఉంది, చాయ్ బాగుంది, గారెలు ఇంకా బాగున్నాయి. కొలతలు సాగినన్నాళ్ళూ వచ్చారు, వాళ్ళ వెంట ఇంకెవరెవరో వచ్చారు, లారీల వాళ్ళు, బండలు కొట్టించే కాంట్రాక్టర్లు. నాయిన నెమళ్ళ దుప్పటి తీసి బల్లలు వేయించాడు. అమ్మ రోజూ చాయ్ పోసింది, గారెలు వేసింది, ఒక్క రోజూ ముఖం ముడుచుకోలేదు. ఏడాది తిరిగేసరికి చిలకలు వచ్చేపోయేవాళ్ళ వీపులకు అరిగి, పొగకు నల్లబడి, రెక్కలేవో తోకలేవో తెలియకుండా అయ్యాయి. పండుగకు ముందు నాయిన, గిరాకికి బాగుంటుందని, మళ్ళీ వేయమని అమ్మను అడిగాడు; ఎప్పుడూ నా ద్వారా కబురు పంపేవాడు, ఆ రోజు తనే లోపలికొచ్చి అడిగాడు.

ఆమె ఆయన వైపు చూడకుండా నాతో అంది. "పద్దీ, మీ నాయినకు చెప్పు. ఆ సరుకు నిండుకున్నదని."

మా నాయిన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను చెప్పనక్కర్లేదు. అయినా చెప్పాను, చిన్నపిల్లను, ఇద్దరి మధ్యా మాటలు మోయడం నా పని. ఆయన తలూపి దుకాణంలోకి పోయాడు. మళ్ళీ అడగలేదు. అమ్మ కూడా మళ్ళీ ఏ గోడ మీదా చుక్క పెట్టలేదు. తరువాత కట్టిన సిమెంటింటికి కూలివాళ్ళు ఆకుపచ్చ రంగు కొడుతుంటే, ఎవరి ఇల్లో అన్నట్టు పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంది.

ఇప్పుడా చోట అద్దాల భవనం ఉంది, దాని కింద మూడంతస్తుల లోతు కార్లు నిలుస్తాయి. సీతాఫలాలు తోపుడుబండి మీద తూకానికి వస్తాయి, మాగబెట్టే పని కూడా వాళ్ళే చేసి పెడతారు. జాజు కావాలని మొన్న అడిగితే దుకాణంలో పిల్లవాడు ఫోనులో వెతికాడు. నవారు మంచాలు లేవు, గాజుగొట్టాల తోరణాలు లేవు, చెంబుతో ఎదురొచ్చే మనిషి లేదు. వచ్చిన మనిషిని పంపాలా వద్దా అని గేటు నుంచి ఫోను వస్తుంది. నాకు పెద్ద హాలుంది, సోఫాలున్నాయి, బేరమాడి తెచ్చినవి, ఎవరూ కూర్చోక కొత్తగానే ఉన్నాయి. స్నేహితులను రమ్మంటే, ఎందుకు శ్రమ, బయట కాఫీ తాగుదాం అంటారు. నేనూ సరే అంటాను, గ్యాసు కలిసొస్తుంది.

ఇక లెక్క చూద్దాం. ఆ ముందరి అర్రతోనే మా దశ తిరిగింది. చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళ వల్లనే దుకాణం పెరిగింది, తమ్ముడూ నేనూ పట్నంలో చదివాం, సిమెంటిల్లు లేచింది, ఏ భూమి ఎటు పోతుందో ముందే తెలిసి నాయిన కొంత కొని పెట్టాడు, అందులోంచే నా వాటాకు ఈ ఫ్లాటు వచ్చింది. అమ్మ పోగొట్టుకున్న ఆ ఒక్క పూట ముందు ఇదంతా గడ్డిపోచ అని రాస్తే చదవడానికి అందంగా ఉంటుంది. కానీ నేను దుకాణంలో పెరిగినదాన్ని, దొంగలెక్క రాయలేను. మంచి ధరకే పోయింది ఆ పూట. అదే జీపు మళ్ళీ వచ్చి ఆగితే మా నాయిన మళ్ళీ రాండ్రి అంటాడు. గల్లా దగ్గర నేనుంటే నేనూ అంటాను. లాభం నలుగురం పంచుకున్నాం, ఎవరి వాటా వాళ్ళకు చేరింది. నష్టం మాత్రం అమ్మ ఒక్కతే కట్టింది. అందులో నా భాగమెంత అని నేనెన్నడూ అడగలేదు, ఆమె ఉన్నన్నాళ్ళూ.